నిదానమూ, ఆలస్యమూ

డిగ్రీ రెండో సంవత్సరం తరగతిలో సామెతల పాఠం చెబుతూ ఉండగా వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, “సార్, ‘నిదానమే ప్రధానం’ అంటారు, ‘ఆలస్యం అమృతం విషం’ అని కూడా అంటారు. రెండూ పెద్దవాళ్ళు చెప్పినవే గదా! పరీక్షలో ఏది రాయమంటారు?” అని అడిగాడు. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వి, “రెండూ నిజమే నాయనా, సందర్భాన్ని బట్టి” అని తప్పించుకున్నాను. పంతులుకు జవాబు తోచనప్పుడు ‘సందర్భం’ అనే మాట మహా ఆదుకుంటుంది.

ఆ సందర్భం ఏమిటో నాకు తెలియక కాదు. కిందటేడు వేసవి నుంచి శ్రావణం దాకా మా ఇంట్లో ఈ రెండు సామెతలే దెబ్బలాడుకున్నాయి. నిదానించవలసిన చోట నేను తొందరపడ్డాను. తొందరపడవలసిన చోట తాత్సారం చేశాను. ఆ ఉదంతం తరగతిలో చెప్పడానికి నోరు రాలేదు. ఈ వారం మీతో చెప్పుకుంటాను. ఎవరికైనా పనికి రావచ్చు.

మేము ఉప్పల్ దాటి, బోడుప్పల్ పక్కన చెంగిచెర్లలో ఉంటాం. ఆర్టీసీ బస్సు డిపో, పశువధశాల, జాతీయ మాంస పరిశోధన సంస్థ— బయటివాళ్ళు మా ఊరిని గుర్తుపట్టేది వీటివల్లనే. మా ఇంటికి రెండు వీధుల అవతల మా బావమరిది తల్లితో, భార్యతో, ఇద్దరు పిల్లలతో ఉంటాడు. చర్లపల్లి ఫ్యాక్టరీలకు సరుకు చేరవేసే ట్రాలీ ఆటో అతనిది. ముప్ఫయి ఆరేళ్ళవాడు. పనిమంతుడు, ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు నిలబడేవాడు. అయితే పొద్దు గుంకిందంటే సీసా మూత తీయనిదే కంచం ముందు కూర్చునేవాడు కాదు. ఇంట్లో అందరికీ తెలుసు. అందరమూ తెలియనట్టే ఉండేవాళ్ళం.

మే నెల రెండో వారంలో ఒక పెండ్లికి వెళ్ళి వచ్చిన మర్నాడు తెల్లవారుజామున అతనికి కడుపునొప్పి పట్టుకుంది. మామూలు నొప్పి కాదు. బొడ్డు పైన మొదలై వెన్నులోకి మేకు దిగేసినట్టు పోతోందన్నాడు. వెల్లకిలా పడుకోలేడు, ముందుకు వంగి, మోకాళ్ళు పట్టుకొని కూర్చుంటే కాస్త నయం. గ్యాసు అనుకొని సోడా తాగించాం. మధ్యాహ్నానికి వాంతులు ఆగలేదు. 108 బండిని పిలిచి నగరంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం. నెత్తురు పరీక్ష చూసి వాళ్ళు చెప్పిన మాట— క్లోమం వాచింది.

క్లోమం అనే మాట నేను ఎన్నిసార్లు చదివానో! అది ఎక్కడుందో చూపించమంటే మాత్రం చెయ్యి ఎటు పెట్టాలో తెలిసేది కాదు. మాట సంస్కృతం. పూర్వపు ఆయుర్వేద వ్యాఖ్యాతలకే అది ఫలానా అవయవమని ఏకాభిప్రాయం కుదరలేదు. ఇప్పటి పాఠ్యపుస్తకాలలో మాత్రం ఇంగ్లీషువారి ‘పాంక్రియాస్’ అదే. ఆ మాట గ్రీకువారిది: ‘పాన్’ అంటే అంతా, ‘క్రియాస్’ అంటే మాంసం. ‘అంతా మాంసమే’ అన్నమాట. మాంసం మీద పరిశోధన చేసే సంస్థ ఉన్న ఊళ్ళో ఉంటూ ఈ మాంసం సంగతి ఇన్నాళ్ళూ నాకు తెలియకపోవడం చిత్రమే.

అది జీర్ణాశయానికి సరిగ్గా వెనక, వెన్నెముకకు ముందు, అడ్డంగా పడుకొని ఉంటుంది. జానెడు పొడవు కూడా ఉండదు. నెత్తురులోకి ఇన్సులిన్ పంపేది అదే. దాని రెండో పని, రోజుకు సుమారు ఒకటిన్నర లీటరు రసం తయారుచేసి చిన్నప్రేవులోకి వదలడం. మాంసాన్నీ కొవ్వునూ కరిగించే పదార్థాలు ఆ రసంలో ఉంటాయి. క్లోమంలో ఉన్నంతసేపూ అవి నిద్రలో ఉండి, ప్రేవులోకి దిగాకనే మేలుకోవాలి. పిత్తాశయంలోని రాయి జారి దారికి అడ్డుపడితే గాని, సారా దెబ్బ తగిలితే గాని అవి క్లోమంలోనే మేలుకుంటాయి. అప్పుడు అన్నాన్ని అరిగించవలసిన రసం క్లోమాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. వంటకని రాజేసిన నిప్పు వంటింటి కప్పుకే అంటుకున్నట్టు!

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ జబ్బు పేరు వినగానే మన వాళ్ళు “తాగుతాడా?” అని అడుగుతారు. మా బావమరిది విషయంలో ఆ ప్రశ్నకు జవాబు అవుననే. కాని అదే వార్డులో పక్క మంచం మీద ఉన్న పెద్దావిడ పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టి ఎరుగదు. ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు. చూడవచ్చిన వాళ్ళందరూ ఆమెను కూడా అదోలా చూసి పోతూ ఉండేవాళ్ళు. ఈ రెండు కారణాలూ దాదాపు సరిసమానమైనవని తెలిస్తే అటువంటి చూపులు కొన్ని తగ్గుతాయి.

నూటికి ఎనభై మందికి ఈ వాపు సెలైను, నొప్పికి మందులు, నాలుగు రోజుల విశ్రాంతితో చల్లబడుతుందట. మా వాడు మిగిలిన ఇరవై మందిలో పడ్డాడు. పదో రోజున సి.టి. స్కాన్ తీశారు. క్లోమంలో కొంత భాగం చచ్చిపోయిందనీ, చుట్టూ నీరు, చచ్చిన కండ కలిసి మడుగు కట్టిందనీ తేలింది.

ఆ స్కాను చూపించి వివరించిన డాక్టరమ్మ వయస్సులో మా పాత విద్యార్థినుల ఈడుది. ఆమె ఎంతో ఓపికగా, “ఇప్పుడు దీన్ని ముట్టుకోమండీ. నాలుగు వారాలు పోవాలి” అంది. నాకు ఒళ్ళు మండింది. కడుపులో లీటరు కుళ్ళు పెట్టుకొని మనిషి మూలుగుతూ ఉంటే నెలరోజులు చూస్తూ కూర్చోవడమేమిటి? “డబ్బు సంగతి ఆలోచించకండి, ఇవాళే తీసెయ్యండి. ఇంకో ఆసుపత్రికి పొమ్మన్నా పోతాం” అని గొంతు పెంచాను. ఎం.ఏ. చదివిన వాణ్ణి గదా, గట్టిగా అడిగితే పని జరుగుతుందని నా నమ్మకం!

ఆమె గొంతు పెంచలేదు. ఒక కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. ఈ నీటి మడుగులకు నాలుగు రకాలున్నాయి. 1992లో అమెరికాలోని అట్లాంటా నగరంలో వైద్యులు కూడి ఈ జబ్బుకు సంబంధించిన పేర్లూ నిర్వచనాలూ ఏర్పరిచారు. 2012లో వాటిని సవరించారు. ఆ సవరణలో గీసిన గీత నాలుగు వారాలు. అంతకు ముందు ఆ నీటికి హద్దు ఉండదు. ప్రేవుల మధ్యా, రక్తనాళాల మధ్యా పారుతూ ఉంటుంది. చచ్చిన కండ బతికిన కండను అంటిపెట్టుకొనే ఉంటుంది. అప్పుడు చెయ్యి పెడితే ఏది తీయాలో, ఏది ఉంచాలో తెలియదు, నెత్తురు ఆగదు. శరీరం మాత్రం ఊరికే ఉండదు. ఆ మడుగు చుట్టూ తనంతట తాను గోడ కడుతుంది. ఆ గోడ గట్టిపడ్డాక లోపలి కుళ్ళు ఒక సంచిలో పడ్డట్టు అవుతుంది. అప్పుడు సంచికి తలుపు పెట్టవచ్చు. మొదట్లో చేరే నీరు చాలామందికి ఏ తలుపూ అక్కరలేకుండానే ఇంకిపోతుంది కూడా.

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. బయటికి వచ్చి, వరండాలో గోడకు చేరగిలబడి కూర్చున్న మా అత్తగారికి ఇదంతా కోపంగానే చెప్పాను. ఆవిడ అంతా విని, “పచ్చి గడ్డను పొడుస్తరా, అల్లుడూ? పండనియ్యాలె. పచ్చిగ పొడిస్తే పక్కలకెక్కుతది. మీ పిల్లగానికి మెడ మీద గడ్డ లేసిననాడు నేను చెప్పలే?” అంది.

అంతే! డాక్టరమ్మ బొమ్మ వేసి చెప్పిన దాన్ని, బడి మొహం చూడని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. నా చదువు అడ్డం రాకపోతే నాకూ అప్పుడే బోధపడేది కాబోలు.

ఆ తర్వాత తీరికగా చదివి తెలుసుకున్నాను. ఇదివరలో కడుపు కోసి, చచ్చిన కండంతా ఒక్క పెట్టున తోడేసేవారట. నెదర్లాండ్స్ వైద్యులు ఆ పద్ధతిని పరీక్షకు పెట్టారు. 88 మంది రోగులను తీసుకొని కొందరికి పెద్ద ఆపరేషనూ, కొందరికి ముందు గొట్టం పెట్టి నీరు తీసి, అవసరమైతేనే తర్వాతి మెట్టుకు పోయే పద్ధతీ అమలుచేశారు. 2010లో ఫలితాలు వచ్చాయి. పెద్ద ఆపరేషను అయినవారిలో నూటికి 69 మందికి ప్రాణాపాయమో, పెద్ద చిక్కో కలిగితే, మెట్టు మెట్టుగా పోయినవారిలో 40 మందికే కలిగింది. రెండో జట్టులో నూటికి 35 మందికి గొట్టంతోనే సరిపోయింది. ఆ తర్వాత ఆ దేశంలోనే, లోపల చీము పట్టినవారికి కూడా గోడ పండేదాకా ఆగవచ్చునా అని 104 మంది మీద చూశారు. తొందరపడి గొట్టం పెట్టినందువల్ల అదనంగా మేలేమీ కనబడలేదు. ఆగినవారిలో నూటికి 39 మందికి యాంటీబయాటిక్ మందులతోనే నయమై గొట్టం అవసరమే రాలేదు. ఇది 2021 నాటి మాట. నేను గొంతు పెంచి కోరినది ఏమిటో అప్పుడు తెలిసివచ్చింది.

మా నిరీక్షణ సుఖంగా జరగలేదు సుమా! ముక్కులోంచి ప్రేవు దాకా సన్నని గొట్టం వేసి పాలవంటి ఆహారం ఎక్కించేవారు. ఎత్తుగా బలంగా ఉండే మనిషి, పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా అయ్యాడు. కడుపు మాత్రం కుండలా లేచింది. నీటి సంచి జీర్ణాశయాన్ని ముందుకు నొక్కడంతో గుక్కెడు మంచినీళ్ళు తాగినా కక్కేవాడు. అయిదో వారంలో జ్వరం మొదలైంది. మళ్ళీ స్కాను తీశారు. ఈసారి సంచి చుట్టూ గోడ స్పష్టంగా కనబడింది. “పండింది. ఇక ఆగం” అంది డాక్టరమ్మ. మా అత్తగారి మాటనే వాడిందని నవ్వుకున్నాను.

ఆ పని కడుపు మీద కత్తి గాటు లేకుండా చేశారు. మనిషికి మత్తు ఇచ్చి నోట్లోంచి ఎండోస్కోపు దింపుతారు. దాని కొసకు అల్ట్రాసౌండ్ పరికరం ఉంటుంది. మామూలు ఎండోస్కోపు గోడను చూస్తుంది. ఇది గోడకు అవతల ఏముందో చూస్తుంది. క్లోమం జీర్ణాశయం వెనకనే ఉన్నది గనక నీటి సంచి వచ్చి జీర్ణాశయపు వెనక గోడకు ఆనుకుంటుంది. రెండు గోడల మధ్య దూరం ఒక సెంటీమీటరు మించకుండా, దారిలో రక్తనాళం లేకుండా చోటు చూసుకొని సూది గుచ్చుతారు. దానిలోంచి తీగ పంపి, దారి వెడల్పు చేసి, ఆ కన్నంలో స్టెంటు నిలబెడతారు. సంచిలోని నీరు జీర్ణాశయంలోకి దిగి, ప్రేవుల వెంట తన దారిన తాను పోతుంది.

ఈ విద్య మరీ పాతది కాదు. అల్ట్రాసౌండ్ ఎండోస్కోపు సాయంతో ఇటువంటి సంచికి దారి పెట్టిన వైనాన్ని జర్మనీలోని హాంబర్గు వైద్యులు 1992లో ప్రకటించారు. మొదట్లో ప్లాస్టిక్ గొట్టాలు వాడేవారు. జారిపోకుండా వాటి రెండు కొసలూ పంది తోకలా చుట్టుకొని ఉంటాయి. తర్వాత లోహపువి వచ్చాయి. ఇవి చిన్న ఢమరుకంలా మధ్య సన్నగా, రెండు చివరలూ విప్పారి, రెండు గోడలనూ దగ్గరికి పట్టి ఉంచుతాయి. దారి వెడల్పు గనక చచ్చిన కండ ముక్కలు కూడా దిగుతాయి; కావాలంటే ఆ దారినే ఎండోస్కోపు లోపలికి పోయి మిగిలినది ఊడ్చుకు రావచ్చు.

తెలుగు మేష్టారిని గనక ‘స్టెంటు’ అంటే ఏమిటా అని నిఘంటువు తిరగేశాను. అది ఒక మనిషి ఇంటిపేరు! పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఛార్లెస్ స్టెంట్ అనే దంతవైద్యుడు పళ్ళ అచ్చు తీయడానికి ఒక ముద్ద పదార్థం తయారుచేశాడు. తర్వాతి వాళ్ళు ఆ ముద్దను గాయాలను, అతుకులను కదలకుండా నిలబెట్టడానికి వాడారు. అలా అలా పోయి, శరీరంలో దారి మూసుకుపోకుండా నిలబెట్టే ప్రతి గొట్టానికీ ఆయన పేరు అంటుకుంది.

ఇంకో సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. ఈ విద్యలో మన హైదరాబాదు ఎవరికీ వెనక కాదు. సోమాజిగూడలో మొదలై గచ్చిబౌలికి కూడా విస్తరించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పేరు మీరు వినే ఉంటారు. దాన్ని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి గారు విశాఖపట్నంలో పుట్టి, కర్నూలు వైద్య కళాశాలలో చదివినవారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆ సంస్థ వైద్యులు రెండు చివరలూ విప్పారిన లోహపు స్టెంటుతో 205 మందికి మెట్టు మెట్టుగా చేసిన చికిత్స ఫలితాలను 2017లో ప్రకటించారు. సుమారు మూడు వంతుల మందికి స్టెంటు ఒక్కటే సరిపోయింది. లోపలికి పోయి ఊడ్చవలసిన అవసరం రాలేదు. మరుసటి ఏడు నెదర్లాండ్స్ నుంచి ఇంకొక ఫలితం వచ్చింది. నోటి దారిన చేసే ఈ పద్ధతినీ, చిన్న గాట్లతో చేసే ఆపరేషన్‌నూ 98 మంది మీద పోల్చారు. మరణాలలో, పెద్ద చిక్కులలో తేడా కనబడలేదు. అయితే క్లోమరసం బయటికి కారుతూ ఉండే బెడద ఆపరేషను వారిలో నూటికి 32 మందికి ఉంటే, నోటి దారి వారిలో అయిదుగురికే ఉంది. ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు కూడా తగ్గాయి.

మా వాడి విషయానికి వస్తాను. జూన్ మూడో వారంలో లోహపు స్టెంటు పెట్టారు. మర్నాటికి జ్వరం దిగింది. మూడో రోజున జొన్న అంబలి తాగి కక్కలేదు. ఆ సాయంత్రం మా అత్తగారు కొడుకు కడుపు మీద చెయ్యి వేసి, “కుండ దిగింది” అని ఏడ్చింది. వారం తిరక్కుండా ఇంటికి తెచ్చాం. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితం మీద మందుల పేర్ల కింద, నాలుగు వారాల తర్వాత స్కాను తీయించుకొని స్టెంటు తీయించుకోవాలని తేదీతో సహా ఉంది. నేనే కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న చుట్టాను.

మొదటి సామెత కథ అక్కడితో అయింది. ఇక రెండోది.

జూలై వచ్చింది. మా వాడు మంచి అన్నం తింటున్నాడు. రంగు తేరాడు. సీసా జోలికి పోలేదు. రెండు నెలలు బండి ఆగిపోయి కిస్తీలు మీద పడ్డాయి. వాటి కోసం మళ్ళీ తోలడం మొదలుపెట్టాడు. ఆషాఢం, బోనాల హడావిడి. ఎర్ర సున్న దగ్గర పడ్డ రోజున నా దగ్గరికి వచ్చి, “బావా, నాకేమైంది? మంచిగనే ఉన్న. బోనాలైనంక పోదాం. ఇప్పుడు పోతే మళ్ల నాల్గు దినాలు బండి ఆగుతది” అన్నాడు.

డాక్టరమ్మకు ఒక్క ఫోను చేసి అడిగితే సరిపోయేది. చేయలేదు. “పది రోజులలో కొంపలేమీ మునగవులే” అని నేనే అభయం ఇచ్చాను. చీము ఉన్ననాడు ఒక్క గంట ఆగలేనివాణ్ణి, చీము పోయాక ఎన్ని వారాలైనా ఆగగలనని తేలింది. మనిషి లేచి తిరుగుతూ ఉంటే లోపల ఒక లోహపు వస్తువు ఉన్నదన్న సంగతి మనస్సు నిలుపుకోదు.

మా అత్తగారు మాత్రం ఊరుకోలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా క్యాలెండర్ వంక చూసేది. “ఎర్రసున్న దాటి రెండాదివారాలాయె గద, అల్లుడూ! దవాఖాన్ల సున్న ఎందుకు పెట్టిచ్చిన్రు మరి?” అంది. “అది ఒక గడువు లాంటిదే అత్తమ్మా, అటూ ఇటూ అయినా ఫరవాలేదు” అని సర్దిచెప్పాను. ఫరవాలేదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

గడువు దాటితే ఏమవుతుందో తర్వాత తెలుసుకున్నాను. సంచి నిండా నీరు ఉన్నంతకాలం స్టెంటు లోపలి కొస ఖాళీలో ఉంటుంది. నీరు పోయి సంచి ముడుచుకుపోయిన కొద్దీ అవతలి గోడ దగ్గరికి వచ్చి ఆ కొసకు తగులుతుంది. ఆ గోడలో పెద్ద రక్తనాళాలు ఉంటాయి. కదలని లోహం కదిలే నాళాన్ని ఒరుసుకుంటూ ఉంటే అది ఎప్పుడో ఒకనాడు చిట్లుతుంది. ఇంకొందరికి చుట్టూ కండ పెరిగి స్టెంటు దానిలో పూడుకుపోతుంది. తర్వాత తీయడం కష్టం. అమెరికాలో ఫ్లోరిడా వైద్యులు 2017 ప్రాంతంలో ఇటువంటి నెత్తురుపోతలు చూసి, మూడు వారాలకు స్కాను తీసి, సంచి ముడుచుకుపోయి ఉంటే స్టెంటు వెంటనే తీసెయ్యడం అనే నియమం పెట్టుకున్నారు. కాగితం మీద తేదీ వేయడం ఇందుకే.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం. ఇంట్లో పూజ అయింది. రాత్రి పదకొండు గంటలకు మా మరదలు వణుకుతూ ఫోను చేసింది— “అన్నయ్యా, నల్లగ తారు తీర్గ పోతున్నడు. కండ్లు తేలేసిండు.” నేను వెళ్ళేసరికి స్నానాలగది గడప మీద పడి ఉన్నాడు. ఒళ్ళు చల్లగా, చెమటతో తడిసి ఉంది. బండిలో పోతూ ఉండగా నా చెయ్యి పట్టుకొని, “బావా, బోనాలైనయి గద” అన్నాడు. పరిహాసమో, తెలివి తప్పి అన్నాడో నేను ఇప్పటికీ అడగలేదు.

ఆ రాత్రి ఆరు సీసాల నెత్తురు ఎక్కించారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని వెతికి పట్టుకొని మూసివేశారు. నెత్తురు ఆగిందని రూఢి చేసుకున్నాక ఎండోస్కోపుతో స్టెంటు తీసివేశారు. అప్పటికే ఒక పక్క కండ పెరిగి పట్టుకుందట. గంటకు పైగా పట్టింది. మనిషి దక్కాడు. ఆ డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. క్యాలెండర్ మీద సున్న చుట్టిన సంగతి ఆమెకు తెలియదు గదా!

అప్పుడే ఇంకో సంగతి విన్నాను. క్లోమం నడుమ చచ్చి, దాని గొట్టం రెండు ముక్కలైనవారికి లోహపు స్టెంటు తీశాక, మళ్ళీ నీరు చేరకుండా ప్లాస్టిక్ గొట్టాలు పెట్టి అలాగే ఉంచేసే అలవాటు వైద్యులకు ఉంది. అది తప్పనిసరా అని మన హైదరాబాదులోని పైన చెప్పిన సంస్థ వారే చూశారు. ఇక్కడా 104 మందే. సగం మందికి పెట్టారు, సగం మందికి పెట్టలేదు. ఏడాది చూసినా నీరు మళ్ళీ చేరడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో ప్రకటించారు. అయినా రోగిని బట్టి ఉంచడం, ఉంచకపోవడం జరుగుతూనే ఉంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే— ఒక స్టెంటు నెలలోపల తీయించుకోవలసినది, ఒకటి అలా ఉంచదగ్గది. బయట నడుస్తున్న మనిషిని చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. లోపల ఉన్నది ఏదో తెలియకుండా “ఫరవాలేదు” అనే హక్కు బావగారికి లేదు.

కనుక పాఠకులకు నా మనవి ఇంతే. మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటిది జరిగితే, ఆసుపత్రి గడప దాటేముందు మూడు ప్రశ్నలు అడగండి. లోపల పెట్టినది లోహమా, ప్లాస్టిక్కా? ఎన్నాళ్ళు ఉండాలి? ఏ తేదీకి రావాలి? ఆ తేదీ ఇద్దరికి తెలిసేలా చూడండి. ఆ ఇద్దరిలో ఒకరు, రోగి బాగున్నాడని మురిసిపోని మనిషి అయితే మరీ మంచిది. అంతలోపల జ్వరం వచ్చినా, నెత్తురు కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా తేదీ కోసం చూడకండి, అప్పుడే బయలుదేరండి. రాళ్ళవల్ల వచ్చిన వాపైతే ఆ పిత్తాశయం సంగతి తేల్చుకోండి. సారావల్ల వచ్చినదైతే సారా సంగతి తేల్చుకోండి. తలుపు పెట్టినవాడు లోపలి నిప్పును కూడా ఆర్పిపోలేడు.

మా బావమరిది సీసా మానేసి ఏడాది కావస్తోంది. నిన్న మొన్నటి దాకా సాయంత్రాలు ఎలా గడపాలో తెలియక మా ఇంటికి వచ్చి కూర్చునేవాడు. ఇప్పుడు పిల్లలతో బండి కడుగుతున్నాడు.

వెనక బెంచీ కుర్రవాడికి నేను ఇవ్వవలసిన జవాబు ఇది: గోడ పండేదాకా నిదానమే ప్రధానం. గోడ పండి, తలుపు పెట్టి, తేదీ వేశాక, ఆ తేదీ దాటిన ప్రతి దినమూ విషమే. ఏది ఎప్పుడో తెలియనప్పుడు తెలిసినవారిని అడగాలి. రేపు తరగతిలో చెబుతాను.

ఆ పాత క్యాలెండర్‌ను దీపావళి ముందు గోడ దులుపుతూ తీసి పారేయబోయాను. మా అత్తగారు చేతిలోంచి లాక్కుంది. “ఉండనీయుండ్రి. నాకు చదువు రాదు గని, ఎర్రసున్న కనవడ్తది” అని మళ్ళీ అదే మేకుకు తగిలించింది. అది ఇంకా అక్కడే ఉంది. దాని మీదనే కొత్తది వేలాడుతోంది.